వంద బస్తాలకి ఒక్క కిలో కోసి రేటు తేల్చేస్తారా?

పర్లాకిమిడి_పిక్కలోడు
గజపతి కొండ ఊళ్ళ సంతల్లో జీడిపిక్కలు కొని పలాస వైపు ఫ్యాక్టరీకి వేస్తుంటాను. ఈ సీజన్లో వంద బస్తాల లోడు పంపాను. బస్తా అంటే 80 కిలోలు. బస్తాకి 21 కిలోల పప్పు దిగాలని ముందే మాట. అంటే కిలో పిక్కలకి 262.5 గ్రాములు. లారీ ఆగగానే వాళ్ళ గుమాస్తా తలుపు దగ్గరున్న బస్తా ఒకటి విప్పి, పైనుంచి కిలో తీసి కోయించాడు. 250 గ్రాములే వచ్చింది, బస్తాకి 20 కిలోలే పడుతుంది అని మొత్తం లోడుకి రేటు కోసేశాడు. వంద కిలోల పప్పు డబ్బు పోయినట్టే కదా. అడిగితే "అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా తింటామా, ఒక మెతుకు పట్టి చూస్తే చాలదా" అని సామెత ఒకటి.

నేను ఊరుకోలేదు. అదే లోడులో ఎనిమిది బస్తాల్లోంచి కిలో చొప్పున తీయించి కోయించాను. మంచి పప్పు పూర్తిగా, మచ్చ పప్పు సగం లెక్కన వచ్చిన గ్రాములు ఇవి:

272, 266, 259, 275, 263, 270, 268, 223

మావాడు బీఎస్సీ చదువుతున్నాడు. ఎక్సెల్లో వేసి "టీ పరీక్ష (నమూనా సగటుని అనుకున్న అంకెతో పోల్చే లెక్క) చేశాను, పీ విలువ 0.93 వచ్చింది, నీ 21 కిలోల మాట నిజమే నాన్నా" అన్నాడు. ఆ కాగితం చూపిస్తే గుమాస్తా నవ్వాడు. ఇప్పుడు ఎవరిది రైటు?

మిర్చిబజ్జి
0.93 అంటే వందకి 93. మీవాడిది డిస్టింక్షన్. గుమాస్తాకి స్వీట్లు పంపండి.

గుణుపురం_సీను
ఆ 223 ఏటి బాబాయ్? ఏడు బస్తాలూ ఒకలా ఉన్నాయి, అదొక్కటీ వేరే దేశం నుంచి వచ్చినట్టుంది.

పర్లాకిమిడి_పిక్కలోడు
అది తడి బస్తా సీనూ. కొన్నప్పుడే వాన పడింది. పిక్కలు చేత్తో ఊపితే లోపల పప్పు గలగలమనాలి, దాంట్లో సగం పలకలేదు. కోస్తే నల్లమచ్చ.

బరంపురం_మాస్టారు
బజ్జి జోకే వేశాడుగానీ చాలామంది నిజంగానే అలా అనుకుంటారు. పీ 0.93 అంటే మీ మాట నిజమయ్యే అవకాశం 93 శాతం అని కాదు. లోడు అసలు సగటు సరిగ్గా 262.5 అనుకుందాం. అప్పుడు ఎనిమిది బస్తాలు తీస్తే వాటి సగటు దాన్నుంచి ఇంతో అంతకంటే ఎక్కువో పక్కకి పోవడం ఎంత మామూలు అన్నదే పీ చెప్పేది. మీ ఎనిమిది సగటు 262.0. తేడా అరగ్రాము. అంత చిన్న తేడా ఎవరికైనా వస్తుంది, అందుకే పీ అంత పెద్దది.

ఇప్పుడు అదే పరీక్ష ఫ్యాక్టరీ చెప్పిన 250 మీద పెట్టండి. నేను వేసి చూశాను. టీ 2.05, పీ దాదాపు 0.08. అదీ 0.05 కిందికి దిగలేదు (ఒక మాటని తోసిపుచ్చడానికి వాడుకలో ఉన్న గీత అది). అంటే మీవాడి రూలు ప్రకారం 250 కూడా "నిజమే". ఒకే లోడు 21 కిలోలూ అయి, 20 కిలోలూ ఎలా అవుతుంది? గుమాస్తా ఇది తెలిసి నవ్వాడని నేననుకోను గానీ, నవ్వడానికి కారణం అయితే ఉంది.

పరికల్పనని, అంటే ముందుగా అనుకున్న మాటని, తోసిపుచ్చలేకపోవడం వేరు, అది నిజమని తేలడం వేరు. పుస్తకాల్లో మొదటి పేజీలోనే ఉంటుంది, పరీక్ష అయ్యాక మొదట మరిచిపోయేదీ అదే.

వంశధార
అయితే ఎనిమిది బస్తాలు కోసినా ఏమీ తెలీనట్టేనా మాస్టారూ?

బరంపురం_మాస్టారు
ఎందుకు తెలీదమ్మా. అవునా కాదా అని అడక్కుండా ఎంత నుంచి ఎంత వరకు అని అడగాలి. ఎనిమిదిటి ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయన్నది, 16.5 గ్రాములు. దాన్ని 8 వర్గమూలంతో భాగిస్తే సగటుకి ప్రామాణిక దోషం (ఆ సగటు ఎంత ఊగొచ్చన్నది) 5.85. ఎనిమిది నమూనాలకి టీ పట్టికలో 2.365. గుణిస్తే దాదాపు 14. కాబట్టి లోడు సగటు 248 నుంచి 276 గ్రాముల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. బస్తాకి చూస్తే సుమారు 19.9 నుంచి 22.1 కిలోలు. గుమాస్తా 20 కూడా ఇందులోనే ఉంది, పిక్కలోడు గారి 21 కూడా ఇందులోనే ఉంది. దీన్నే 95 శాతం విశ్వాస అంతరం అంటారు. ఈ పద్ధతిలో వంద లోడులకి వంద అంతరాలు గీస్తే దాదాపు 95 అసలు సగటుని పట్టుకుంటాయని భరోసా. మన చేతిలో ఉన్నది ఆ 95లోదో మిగతా అయిదులోదో ఎవరూ చెప్పలేరు.

ఇక ఫ్యాక్టరీ ఒక్క కిలో సంగతి. ఒక్క అంకెకి విచలనమే ఉండదు. వాళ్ళు చెప్పిన 250కి అటూ ఇటూ ఎంత అని అడిగితే వాళ్ళ దగ్గర జవాబు ఉండదు. మీరు గుమాస్తాని అడగాల్సిన ప్రశ్న అదే.

ధర్మాబాద్_దత్తు
మా నాందేడ్ జిల్లా వైపు సోయాబీన్‌తో ఇదే కథ. తేమ 12 శాతం దాటితే కోత. కొనేవాడు బస్తా మూతి దగ్గర చెయ్యి పెట్టి గుప్పెడు తీసి మీటర్లో పోస్తాడు. రాత్రి మంచు పడితే పైన గింజలే తడి. లోపల ఎండినవి ఉన్నా లెక్కలోకి రావు. ముప్పై బస్తాలు అలా పైపైన చూసినా అంతే. ఎక్కువ నమూనాలు తీస్తే ఊగిసలాట తగ్గుతుందిగానీ ఒకవైపు వాలిన త్రాసు తిన్నగా అవ్వదు. అందుకని మొదటి ప్రశ్న ఎన్ని బస్తాలు అన్నది కాదు, ఎవరు ఎలా ఎంచారు అన్నది. పిక్కల అన్నా, మీ ఎనిమిది బస్తాలు ఎలా తీశారు?

పర్లాకిమిడి_పిక్కలోడు
మంచి ప్రశ్న. దిగుమతి అవుతుంటే బస్తాలకి వరస నంబర్లు వేయించాం. మావాడు వంద చీటీలు రాసి డబ్బాలో వేసి ఎనిమిది లాగాడు. హమాలీలు చిట్టీల పాట అనుకుని చుట్టూ చేరారు. వచ్చిన నంబర్ల బస్తాల్లోకి ఇనప గొట్టం గుచ్చి పైన, మధ్య, అడుగు మూడు చోట్ల తీసి కలిపాం.

బరంపురం_మాస్టారు
భేష్. మీవాడు పీ విలువ దగ్గర తొందరపడ్డాడుగానీ అసలు పని సరిగ్గా చేశాడు. చీటీలు వేయకపోయి ఉంటే నేను పైన వేసిన లెక్కంతా గాలికి పోయేది.

గుణుపురం_సీను
నాకో ఐడియా. 223 తీసేయండి. ఏడిటికి సగటు 267.6, అంతరం వేస్తే 262.5 నుంచి 272.6. కింది హద్దు సరిగ్గా మీ ఒప్పందం మీద కూర్చుంది! 250 దరిదాపుల్లో లేదు. కేసు క్లోజ్.

రాయగడ_ల్యాబ్
సీనూ, ఆ తడి బస్తా ఫ్యాక్టరీవాడు కొనలేదా? డబ్బు దానికీ కడుతున్నాడా లేదా?

గుణుపురం_సీను
కడుతున్నాడు. అయినా అది అవుట్‌లయర్ కదా అన్నా.

రాయగడ_ల్యాబ్
అవుట్‌లయర్ అన్న పేరు పెట్టగానే బస్తా మాయమైపోదు. తప్పుగా తూచారని తెలిస్తే తీసెయ్, 232ని 223 అని రాసుకున్నారని తెలిస్తే దిద్దు. ఇక్కడ కారణం తెలుసు, అది లోడులో నిజంగా ఉన్న తడి. ఎనిమిదిలో ఒకటి వచ్చిందంటే వందలో మరికొన్ని ఉండే ఉంటాయి. నీకు నచ్చిన దిక్కుకి అంతరం జరుగుతుందని చూశాక తీసేశావు చూడు, అసలు తప్పు అక్కడుంది. ఫ్యాక్టరీవాడు కూడా 275ని తీసేస్తానంటే ఒప్పుకుంటావా?

నేను కాగితం మిల్లు ల్యాబ్‌లో ఉంటాను. వెదురు లారీ మీద పై కట్టలే ఎండుగా పెట్టి తెచ్చేవాళ్ళని చూశాం. అక్కడ అనుమానం మాకు, ఇక్కడ మీకు.

వంశధార
తీసెయ్యకూడదంటే మీడియన్ వాడొచ్చుగా? వరసలో పెడితే మధ్యవి 266, 268. మధ్యగతం 267. తడి బస్తా 223 అయినా 123 అయినా మధ్యగతం కదలదు. నాన్‌పారామెట్రిక్ పద్ధతులు ఉన్నదే ఇందుకని చదివాను. అంకెలు సగటు చుట్టూ గంట ఆకారంలో పరుచుకోవాలన్న షరతు కూడా లేదు.

జయపురం_అమ్మాయి
+1. నేనూ ఇదే రాద్దామనుకున్నా. 1945లో విల్కాక్సన్, 1947లో మాన్-విట్నీ చేసిందంతా ఇదే కదా, అంకెల బదులు ర్యాంకులు.

బరంపురం_మాస్టారు
వంశధార గారి లెక్క కరెక్టే. కాస్త ముందుకి తీసుకెళ్తాను. సంకేత పరీక్ష అని ఉంది, పైన ఎన్ని, కింద ఎన్ని అని మాత్రమే లెక్కపెట్టేది, అన్నిట్లోకీ పాతది. 1710లోనే ఆర్బత్‌నాట్ అనే ఆయన లండన్ బాప్టిజం రికార్డులు తీసి, 82 ఏళ్ళూ వరసగా ఆడపిల్లలకంటే మగపిల్లలే ఎక్కువని చూపించి, బొమ్మా బొరుసూ లెక్కన ఇది యాదృచ్ఛికం కాదన్నాడు. మన దాంట్లో 262.5కి పైన ఆరు, కింద రెండు. నాణెం ఎనిమిదిసార్లు ఎగరేస్తే 256 రకాలు. ఆరు-రెండు లేదా అంతకంటే వంకరగా పడేవి రెండు వైపులా కలిపి 74. పీ 0.29. ఏమీ తేలలేదు. మధ్యగతానికి అంతరం కావాలంటే వరసలో రెండోదీ ఏడోదీ పట్టుకోండి. 259 నుంచి 272. దీని భరోసా 93 శాతం, పట్టికలు అక్కర్లేదు, వేళ్ళ మీద వేసుకోవచ్చు.

చూశారా, 250 ఈ అంతరంలో లేదు. పిక్కలోడు గారు సంబరపడే లోపే ఒక మాట. ఇది దేనికి జవాబు? "మామూలు బస్తా ఎలా ఉంటుంది" అన్నదానికి. ఫ్యాక్టరీకి కావలసింది అది కాదు. వంద బస్తాలూ కోస్తే మొత్తం ఎన్ని కిలోల పప్పు దిగుతుందన్నది. మొత్తం కావాలంటే సగటుని వందతో గుణించాలి. మధ్యగతాన్ని వందతో గుణిస్తే మొత్తం రాదు. తడి బస్తా నష్టం మధ్యగతానికి కనపడదు, గల్లాపెట్టెకి కనపడుతుంది.

నాన్‌పారామెట్రిక్ అంటే షరతులు లేని పరీక్ష అని పిల్లలకి ఎవరు చెప్పారో తెలీదు. చీటీలు వేయడమనే షరతు దానికీ ఉంది. ర్యాంకుల విల్కాక్సన్‌కి మధ్యగతం చుట్టూ అటూ ఇటూ సమంగా ఉండాలన్నది కూడా ఉంది. మన తడి బస్తా అదే చెడగొట్టింది.

మిర్చిబజ్జి
అంటే మాస్టారు మీన్‌గా మాట్లాడుతున్నారు, వంశధార గారు మీడియన్‌గా మాట్లాడుతున్నారు.

వంశధార
బజ్జీ, నూనె మరీ కాగింది.

కానీ మాస్టారూ, నా అనుమానం తీరలేదు. ఎనిమిది నమూనాలు, అందులో ఒకటి అంత దూరంగా ఉంటే టీ పట్టిక మాత్రం నమ్మకంగా పనిచేస్తుందా? అది గంట ఆకారం మీదే కట్టింది కదా.

బరంపురం_మాస్టారు
లేదు. ఆ 248–276ని నేను మేకు కొట్టినట్టు నమ్మను. బారుగా ఒకవైపు తోక ఉన్న దత్తాంశానికి టీ అంతరం భరోసా 95 కంటే తగ్గుతుంది.

జయపురం_అమ్మాయి
బూట్‌స్ట్రాప్ చేయొచ్చుగా సార్? 1979లో ఎఫ్రాన్ పెట్టింది. ఎనిమిది అంకెల్లోంచే, తీసినది మళ్ళీ డబ్బాలో వేస్తూ ఎనిమిది లాగడం, సగటు రాసుకోవడం, వేలసార్లు.

రాయగడ_ల్యాబ్
చేయొచ్చు తల్లీ, కానీ ఒక్కసారి ఇది వేసి చూడు. ఒక లాగుడులో 223 రాకపోయే అవకాశం 7/8. ఎనిమిది లాగుళ్ళలోనూ రాకపోవడం దాని ఎనిమిదో ఘాతం, 0.34. అంటే నీ వేల డబ్బాల్లో మూడో వంతులో తడి బస్తానే ఉండదు. మరికొన్నిట్లో రెండు, మూడు ఉంటాయి. లోడులో తడి బస్తాలు ఎన్ని అన్నది మనకి ఒకే ఒక్క బస్తా ద్వారా తెలుసు. కంప్యూటరు ఎన్నిసార్లు తిప్పినా ఆ ఒక్కటి రెండు అవ్వదు.

గుణుపురం_సీను
సరే నేను 223 మీద పంతం వదిలేశా. మా పొలాల గొడవ చెప్తా. ఫసల్ బీమాలో పంట కోత ప్రయోగాలు చూస్తుంటాను. వరికి పంచాయతీకి నాలుగు. అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు ముక్క కోసి, నూర్చి, తూచడం. అంటే 25 చదరపు మీటర్లు. హెక్టారుకి మార్చాలంటే 400తో గుణించాలి. త్రాసు దగ్గర కిలో అటూ ఇటూ అయితే హెక్టారుకి 400 కిలోల తేడా. ఆ నాలుగు ముక్కల సగటు గ్యారంటీ దిగుబడి కంటే తక్కువైతే ఊళ్ళో బీమా కట్టినవాళ్ళందరికీ పరిహారం, ఎక్కువైతే ఎవరికీ లేదు. గ్యారంటీ దిగుబడి ఎలాగంటే గత ఏడేళ్ళలో మంచి అయిదేళ్ళ సగటు, దాని మీద 70, 80 లేదా 90 శాతం. పల్లంలో పైరు మునిగినవాడు, మెరకలో బాగా పండినవాడు ఒకే సగటులో. నాకు ఎనిమిది బస్తాల మీద ఇంత చర్చ చూస్తే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది.

మహేంద్రగిరి
సీను చెప్పిన ముక్క సైజు మీదే పెద్ద యుద్ధం జరిగింది. బెంగాల్లో గణాంకవేత్త మహలనోబిస్ చిన్న చిన్న ముక్కలు చాలు, ఎక్కువచోట్ల కోద్దాం అన్నాడు. ఇంకో గణాంకవేత్త సుఖాత్మే చిన్న ముక్క కోస్తే దిగుబడి ఎక్కువ చూపిస్తుందన్నాడు. గీత మీద ఉన్న దుబ్బు లోపలిదా బయటిదా అన్న అనుమానం వచ్చినప్పుడు కోసేవాడి చెయ్యి లోపలికే లాగుతుంది. ముక్క చిన్నదయ్యేకొద్దీ చుట్టుకొలత వాటా పెరుగుతుంది, ఆ దొంగ దుబ్బుల వాటా కూడా.

గుణుపురం_సీను
గీత మీద దుబ్బు! అన్నా, ప్రతి కోతలోనూ అక్కడే తగాదా. రైతు బయటిదంటాడు, బీమావాడు లోపలిదంటాడు.

మహేంద్రగిరి
మహలనోబిస్‌కి మన ఒడిశాతో ఇంకో లింకుంది. 1926లో బ్రాహ్మణి వరద. నది అడుగు పైకి లేచింది, గట్లు ఎత్తు చేయాలి అని ఇంజినీర్ల కమిటీ తేల్చింది. ఈయన పాత వాన, వరద లెక్కలు తిరగేసి అడుగు లేచినట్టు సాక్ష్యమే లేదు, పైన డ్యాములు కట్టండి అన్నాడు. కళ్ళెదుట ఒక పెద్ద వరద పెట్టుకుని నదే మారిపోయిందనడం, ఒక బస్తా విప్పి లోడంతా ఇంతే అనడం, రెండూ ఒకటే కాదూ?

బరంపురం_మాస్టారు
ఆయన పేరొచ్చింది కాబట్టి ఆయన శిష్యుడి పేరు కూడా రావాలి. సి.ఆర్. రావు గారు తెలుగువారు, పుట్టింది ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగలి, గణితం ఎమ్మెస్సీ వాల్తేరు ఆంధ్రా యూనివర్సిటీలో. అక్కణ్ణుంచి మన బరంపురం మీదుగా వెళ్ళే రైలు లైన్లోనే కలకత్తా. 1945లో పాతికేళ్ళు నిండకుండానే, నమూనా నుంచి ఏ అంచనా వేసినా దాని ఊగిసలాట ఒక హద్దు కంటే తగ్గదని నిరూపించాడు (పక్షపాతం లేని అంచనాలకి). ఇప్పుడు ప్రపంచమంతా క్రామర్-రావు హద్దు అంటారు. ఎనిమిది బస్తాలకి ఎంత తెలివైన ఫార్ములా పెట్టినా ఎనిమిది బస్తాల సమాచారమే వస్తుంది. 2023లో, 102 ఏళ్ళ వయసులో పోయారు.

మిర్చిబజ్జి
టీ పరీక్ష పెట్టినాయన బీరు కంపెనీ మనిషని విన్నా. నిజమా? ఉంటే నేనూ స్టాటిస్టిక్స్ నేర్చుకుంటా.

రాయగడ_ల్యాబ్
నిజమే. గాసెట్, డబ్లిన్ గిన్నిస్‌లో. 1908లో "స్టూడెంట్" అన్న మారుపేరుతో అచ్చేశాడు. బార్లీ, హాప్స్ నమూనాలు నాలుగో అయిదో ఉండేవి, పెద్ద నమూనాల లెక్క వాటికి సరిపడలేదు. అంటే ఈ పరీక్ష పుట్టిందే పిక్కల బాబాయ్ లాంటి సరుకు లెక్కల కోసం.

పర్లాకిమిడి_పిక్కలోడు
అన్నీ బాగున్నాయి బాబూ. బీరు, వరదలు, రావు గారు. నా వంద కిలోల పప్పు సంగతేంటి? వచ్చే లోడుకి ఏం చెయ్యమంటారు, అది చెప్పండి. ఒక్కో కిలో కోయడానికి మనిషి కావాలి, జీడి చేతికంటితే తోలు ఊడుతుంది, కోసే ఆడవాళ్ళు బూడిదో ఆముదమో రాసుకుని కూర్చుంటారు. వంద బస్తాలూ కోయమనకండి.

బరంపురం_మాస్టారు
ముందు ఈ లోడు. మీ దగ్గరున్న మంచి అంచనా 262.0. ఒప్పందానికి కిలోకి అరగ్రాము తక్కువ, బస్తాకి 40 గ్రాములు, వంద బస్తాలకి 4 కిలోలు. వాళ్ళు కోసింది వంద కిలోలకి. మీ అంతరం వెడల్పే, ఒప్పుకుంటాను, కానీ చీటీలేసి తీసిన ఎనిమిది ముందు తలుపు దగ్గరి ఒక్కటి నిలవదు. మధ్యలో వచ్చిన 262కి సెటిల్ చేసుకోండి, లేదా ఇద్దరూ కలిసి ఇంకో డజను బస్తాలు చీటీలేసి కోయండి. ఎన్ని కోయాలో ముందే కాగితం మీద రాసుకుని మొదలుపెట్టండి.

రాయగడ_ల్యాబ్
వచ్చే లోడుకి నా మాట. సగటుకి అటూ ఇటూ 5 గ్రాముల హద్దు కావాలనుకో. విచలనం 16.5 ఉంటే రెండింతలు 33, దాన్ని 5తో భాగించి వర్గం చేస్తే 44 బస్తాలు. లోడు వందే కాబట్టి సవరిస్తే 31. కోయలేవు. ఇప్పుడు తడివి విడదీసి చూడు. మిగతా ఏడిటి విచలనం 5.4 మాత్రమే, ఆ ఏడే నీకు 5 గ్రాముల హద్దు ఇచ్చేశాయి (సీను వేసిన లెక్కలోనే ఉంది). కాబట్టి తేమ మీటరు ప్రతి బస్తాలోనూ గుచ్చు, కోయక్కర్లేదు, నిమిషం పని. తడివి ఒక కుప్ప, ఎండువి ఒక కుప్ప. ఎండు కుప్పలో ఎనిమిది, తడి కుప్పలో నాలుగైదు చీటీలేసి కోయి. రెండు సగటులనీ బస్తాల లెక్కన కలుపు. సీను తీసేద్దామన్న బస్తాని ఇలా అయితే తీసెయ్యకుండానే దారికి తెచ్చుకోవచ్చు.

ధర్మాబాద్_దత్తు
ఇది బాగుంది. మీటరు ఎవరిది అన్నది కూడా రాసుకోండి. మా దగ్గర సగం గొడవ అక్కడే.

గుణుపురం_సీను
అన్ని బస్తాల్లోంచి కొంచెం కొంచెం తీసి ఒకే కుప్ప చేసి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసుకుంటూ కిలోకి తెచ్చి కోస్తే? ఒక్క కోతతో అయిపోద్ది.

రాయగడ_ల్యాబ్
సగటుకి అది మంచిదే, ఫ్యాక్టరీ ఒక్క బస్తాకంటే వందరెట్లు నయం. కానీ కలిపేశాక బస్తాకీ బస్తాకీ తేడా ఎంతో కనపడదు, హద్దు చెప్పలేవు. అలాంటి కుప్పలు కనీసం మూడు విడివిడిగా చెయ్యి.

పర్లాకిమిడి_పిక్కలోడు
తేమ మీటరు ఉంది. మావాడికి ఈ పేజీ చూపించాను. "44 నుంచి 31 ఎలా వచ్చిందో నేను వేస్తా" అని కూర్చున్నాడు. గుమాస్తాతో రేపు మాట్లాడతా.

జయపురం_అమ్మాయి
దీనికి సంబంధం ఉంది కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. నా ప్రాజెక్టు చోళ్ళ (రాగుల) మీద. వరస నాట్లు మూడు మళ్ళు, వెదజల్లినవి మూడు మళ్ళు. వరస నాట్ల మూడూ వెదజల్లిన మూడింటికంటే ఎక్కువే దిగాయి, ఒక్కటి కూడా తప్పలేదు. రెండు జట్లని ర్యాంకులతో పోల్చే మాన్-విట్నీ వేస్తే పీ 0.1. మా గైడ్ గారు "తేడా లేదు అని రాయి, లేదా 0.05 కిందికి దిగేదాకా మళ్ళు పెంచుకుంటూ పో" అన్నారు. టెన్షన్‌గా ఉంది.

బరంపురం_మాస్టారు
అమ్మా, మూడు-మూడుకి అంతకంటే తగ్గదు! ఆరు మళ్ళని రెండు జట్లుగా చేసే పద్ధతులు 20. నీకొచ్చినది ఒక కొస. రెండు కొసలూ కలిపితే 20లో 2, అదే 0.1. చేను స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పినా ఆ పరీక్ష 0.05 కిందికి దిగలేదు. నాలుగు-నాలుగైతే 70 పద్ధతులు, 70లో 2, 0.029. గణాంకవేత్త ఫిషర్ 1935 పుస్తకంలో ఎనిమిది కప్పుల టీ కథలో వచ్చే 70 ఇదే. పాలు ముందు పోశారా తర్వాతా అని ఒకావిడ రుచి చూసి చెప్పడం. ఆయన ఎనిమిది ఊరికే పెట్టలేదు.

కాబట్టి "తేడా లేదు" అని రాయకు. ఈ సైజులో తేడాని చూపించే శక్తి ఈ పరీక్షకి లేదని రాయి, తేడా ఎన్ని కిలోలో అంకె వెయ్యి.

రాయగడ_ల్యాబ్
0.05 కిందికి దిగేదాకా పెంచుకుంటూ పోవడం మాత్రం వద్దు. అసలు తేడా లేకపోయినా ప్రతిసారీ 0.05 దగ్గర చూస్తూ అయిదుసార్లు చూస్తే పొరపాటున "ఉంది" అనేసే అవకాశం 5 శాతం ఉండదు, 14 దాకా పోతుంది. ఇంకా చూస్తే ఇంకా పెరుగుతుంది.

జయపురం_అమ్మాయి
మరి వచ్చే ఖరీఫ్‌కి ఒక్కో రైతు పొలంలోనే సగం వరస, సగం వెదజల్లుడు పెడదామనుకుంటున్నా. జతలుగా. ఎంతమంది రైతులు కావాలి? ఆరుగురు ఒప్పుకున్నారు.

బరంపురం_మాస్టారు
జతలు చాలా మంచి ఆలోచన, నేల తేడా దాంట్లోనే పోతుంది. ఏ సగం ఏదో బొమ్మా బొరుసూ వేసి నిర్ణయించు, రైతుకి వదలకు, మంచి సగం వరస నాట్లకే ఇస్తాడు. సంకేత పరీక్ష లెక్కన ఆరుగురిలో ఆరూ ఒకేవైపు వస్తే 64లో 2, పీ 0.03. కానీ ఒక్క పొలం తిరగబడినా 0.22కి పోతుంది. అడవి పందులో వానో ఒక మడిని పాడుచేయకుండా ఉంటాయా? ఎనిమిదిమందిలో ఒకటి తిరగబడితే 0.07, తొమ్మిదిమందిలో ఒకటి తిరగబడితే 0.04. తొమ్మిదిమందిని చూసుకో.

గుణుపురం_సీను
గుణుపురం వైపు ఇద్దరు చోళ్ళ రైతుల్ని నేను చూస్తా చెల్లీ. మూడో ఆయన కూడా ఉన్నాడుగానీ ఆయన వరస నాట్లకి బద్ధ శత్రువు.

బరంపురం_మాస్టారు
ఆయన్ని కూడా పెట్టుకోమ్మా. బొమ్మా బొరుసూ మాత్రం నువ్వే వెయ్యి.